కరెంటు వచ్చిండు

కృష్ణానగర్‌లో మా వీధికి కరెంటు పోతే ఎవరూ కరెంటాఫీసుకు ఫోన్ చేయరు. ముందు నన్ను అడుగుతారు. ఆ అలవాటు నేను పెట్టిందే.

నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. హీరోయిన్లకు కాదు. సినిమాలో సంతా, పెళ్లీ, చావిల్లూ ఎక్కడున్నా ఆ గుంపు గొంతుల్లో నాదొకటి ఉంటుంది. మా ఆయన అక్కడే స్టూడియోలో లైట్‌మన్‌గా చేసేవాడు. షాట్ అయ్యాక మెలి పడకుండా కేబుల్ చుట్టాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. ఆ పనితనమే ఆయన్ని సముద్రంలో కరెంటు కేబుళ్లు వేసే ఓడ ఎక్కించింది.

మా వీధిలో కేబుల్ అంటే టీవీ కేబులే. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మను అక్కా అంటాను. ఓడ సంగతి వినగానే ఆవిడ, "సముద్రంల టీవీ ఎవలు సూస్తరే?" అని అడిగింది. చేపలు చూస్తాయి, సాయంత్రం సీరియల్ తప్పితే వలలో పడవు అన్నాను. నమ్మింది. తర్వాత జాలేసి నిజం చెప్పాను. సముద్రం మధ్య గాలిమరలుంటాయని, వాటి కరెంటును ఒడ్డుకు తెచ్చే కేబుల్ తొడంత లావుంటుందని, ఓడ మీద సకినంలా చుట్టలు చుట్టి పెడతారని, మనిషి నడక కన్నా మెల్లగా పోతూ వెనక నుంచి నీళ్లలోకి వదులుతారని. దానికి మాత్రం పకపకా నవ్వింది. ఇక లాభం లేదని, మన వీధి కరెంటు కూడా ఆయన పంపిందే అనేశాను.

అప్పట్నుంచి కరెంటు పోగానే కింది నుంచి, "ఏందే చెల్లె, మీ ఆయన పండుకున్నడా?" అని వినిపిస్తుంది. కరెంటు తిరిగి రాగానే వీధంతా ఒకటే మాట, "వచ్చిండు". వచ్చింది అనరు. నేను గోదావరి వైపు దాన్ని, ఆయనొచ్చినా వచ్చాడనే అంటాను. అయినా ఆ "వచ్చిండు" వినబడితే మెట్ల వైపు చూడకుండా ఉండలేను.

ఈ వానాకాలం ఆయన నిజంగానే రావాలి. కేబుల్ ఒడ్డు చేరితే సెలవు. హెలికాప్టర్‌లో దించుతారు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ ఆపుతారు అని వీధంతా చెప్పుకొచ్చాను. చేపల మొహం చూడలేనన్నాడని ఎర్రగడ్డ మార్కెట్ నుంచి గోంగూర తెచ్చి, పప్పులోకి వలుస్తున్నాను. ఫోన్ వచ్చింది. తుఫాను పట్టుకుందట. కేబుల్ కోసి, కొసకు మూత బిగించి సముద్రం అడుగున వదిలేశారట. గాలి తగ్గాక పైకి తీసి అతకాలి. అప్పటిదాకా రావడం కుదరదు.

"ఆ కొస మళ్లీ దొరుకుతుందాండీ?" అన్నాను.

"వదిలిన చోటు గుర్తుంచుకునే వదుల్తామే," అన్నాడు.

గోంగూరను పచ్చడి కోసం గదిలో పాత చీర మీద ఆరబెట్టాను. పచ్చడైతే ఆగుతుంది. కిందికెళ్లి అక్కతో విషయం చెప్పాను, ఏ కోతలూ కోయకుండా. ఆవిడ ఈసారి నవ్వలేదు.

సాయంత్రం వానకు కరెంటు పోయింది. కింది నుంచి మాట లేదు. పిట్టగోడ దగ్గర నిలబడి చాలాసేపు ఎదురుచూశాను. కరెంటు వచ్చింది. వీధి మొత్తం నోరు మూసుకుంది. అందరికీ అక్కే చెప్పి ఉంటుంది. చివరికి ఆవిడ గొంతే, మెల్లగా, "వచ్చింది," అంది.

మాటలో తప్పేమీ లేదు. ఉన్నమాటే. అయినా పిట్టగోడ మీంచి కిందికి వంగాను.

"అక్కా, వచ్చిండు అనాలి."

అక్క వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది.

"వచ్చిండు చెల్లె," అంది. "వచ్చిండు."

లోపల ఫ్యాను తిరుగుతోంది. గోంగూర ఆకులు గదంతా చెదిరిపోయాయి. ఒక్కొక్కటే ఏరి మళ్లీ చీర మీద పరిచాను.