అవ్వ తేల్చిన వేవిళ్ళు

మా చిన్నప్పుడు... బచ్చలింట్లో, అంటే స్నానాల గదిలో, ఎవరైనా ఓకరించిన చప్పుడు వినిపిస్తే చాలు, మా అవ్వ కండెలు చుట్టే రాట్నం ఆపేసి చెవులు రిక్కించేది. బెంగళూరు పేటలో, మగ్గాల సందులో మా ఇల్లు. చుట్టూ మగ్గాలు ఎంత మోగినా, వాంతి చప్పుడు మాత్రం అవ్వ చెవిన పడకుండా పోయేది కాదు.

వేవిళ్ళు అని తేల్చేసేది. సందులో ఆడవాళ్ళు కోడళ్ళను వెంటబెట్టుకుని మరీ వచ్చేవారు. అవ్వ మెడ గుంట చూసేది, గోళ్ళు నొక్కేది, పోపు వాసన పడుతోందా అని అడిగేది... పెద్ద డాక్టరమ్మ మరి. తప్పినవి ఎవరికీ గుర్తుండేవి కావు. నిజమైనవి మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకునేది.

మా చిన్నాయన భార్యకు, అంటే చిన్నమ్మకు, పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఆ నేరానికి అవ్వ వేసిన శిక్ష కాఫీ దగ్గరే మొదలయ్యేది. మొదటి డికాషన్ మగవాళ్ళకు, అవ్వకు, పిల్లల్ని కన్న మా అమ్మకు. అదే పొడిలో మళ్ళీ వేడినీళ్ళు పోసి దించిన రెండో డికాషన్ చిన్నమ్మకు. ఉత్త రంగు నీళ్ళు.

ఒకరోజు పొద్దున్నే చిన్నమ్మ ఓకరించింది. మర్నాడూ అంతే... ఆ మర్నాడూ అంతే. అవ్వ మెడ చూసి, గోళ్ళు నొక్కి, "నీళ్ళు పోసుకోనుండాది" అని సందంతా వినేలా చెప్పింది.

ఇక చూడాలి ఆ వైభోగం... మొదటి డికాషన్, చిక్కటి పాలు, అవ్వ తన వెండి లోటాలో స్వయంగా కలిపి, కూర్చుని తాగమని చేతికిచ్చేది. నెయ్యి ఓడే ఓళిగలు, అదే బొబ్బట్లు. ఒంటినిండా పసుపు రాసి తలంట్లు. పొద్దున వాంతులైతే మగపిల్లాడని ఒకామె, కాదు ఆడపిల్లని ఇంకొకామె మా గడపలో కూర్చుని వాదులాట.

చిన్నమ్మ ముఖం రోజురోజుకీ పచ్చబడుతుంటే, కడుపుతో ఉన్న కళ అని మురిసిపోయారు. కళ అట! చిన్నాయన సంగతి చెప్పడం కూడా దండగ. మల్లెపూల పొట్లం చేతిలో పెట్టి మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు.

మా అమ్మ ఒకనాడు మిద్దె మీద ఎండలో చిన్నమ్మకు తల దువ్వుతూ కళ్ళలోకి చూసింది. తెల్లగుడ్లు పచ్చగా ఉన్నాయి. పసుపు కళ్ళలో ఎవరూ రాయరు కదా... అమ్మ అవ్వను అడగలేదు. అవ్వను అడక్కుండా అమ్మ చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. ఆటో పిలిచి చిన్నమ్మనూ నన్నూ ఎక్కించుకుని ఆసుపత్రికి పోయింది.

కామెర్లు. బాగా ముదిరాయి. కడుపు మాత్రం లేనే లేదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టర్ మా అమ్మను తిట్టాడు. తిట్లు తినాల్సిన మనిషి ఇంట్లో రాట్నం తిప్పుకుంటోంది.

చిన్నమ్మ బతికింది. ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది ఆమె ఒంటి సంగతి కాదు. "సందులో నా తల తీసేసిందప్పా" అని మా నాన్నతో ఏడ్చింది. మర్నాడు వెండి లోటా బీరువాలోకి పోయింది. చిన్నమ్మకు మళ్ళీ రంగు నీళ్ళే.

చాలా ఏళ్ళకు నేను కడుపుతో ఉండి వాష్ బేసిన్ పట్టుకుని ఓకరిస్తుంటే, వీపు నిమురుతూ చిన్నమ్మ ఓ మాట చెప్పింది. అవ్వ అలా చాటిన వారానికే తనకు ముట్టు వచ్చిందట. ఎవరికీ చెప్పకుండా గుడ్డలు దొంగతనంగా ఉతుక్కుని, తడి చీర కింద ఆరేసుకుందట.

"చెప్పుంటే ఆ లోటా మళ్ళీ ఇస్తారామ్మా? కక్కుకుంటానే తాగితి."

ఇప్పుడు మందుల షాపులో చిన్న పట్టీ కొంటే రెండు గీతలు నిజం చెప్పేస్తాయి. అయినా మన గ్రూపుల్లో రోజూ ఎవరో ఒకరు... ఆ కాలం అవ్వలకు ముఖం చూస్తేనే అన్నీ తెలిసేవని రాస్తారు. తెలిసేవి, పాపం. కోడలి కళ్ళలోకి చూడటం ఒక్కటే తెలిసేది కాదు.

చిన్నమ్మ మా ఇంటికొస్తే మొదటి డికాషన్ ఆమెకే కలుపుతాను. రెండు గుక్కలు తాగి, అంత చిక్కన తనకు పడదని, కాసిన్ని వేడినీళ్ళు పొయ్యమంటుంది...

మీ ఇళ్ళలో ఆ రెండో డికాషన్ ఎవరు తాగేవారు?