నాయన చొక్కా తొడుక్కున్న మనిషి

నిన్న ఎండలోకి బయల్దేరుతూ మొహమంతా తెల్లగా సన్‌స్క్రీన్ పూసుకుని, ట్యూబుతో మా పాప దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి అది జడుసుకుని గోడకు అతుక్కుపోయింది. "వద్దమ్మా, తుడుచుకో!" అని ఏడ్చింది. ఆ భయం నాకు తెలుసు.

నాకప్పుడు ఆరేళ్లు. తనకల్లు దగ్గర మా వేరుశనగ చేనుకి, అమ్మకోసం మజ్జిగ చెంబు పట్టుకుని మొదటిసారి ఒంటరిగా వెళ్ళాను. కాళ్ళు కాలుతున్నాయి. చేలో అమ్మ లేదు. ఎవరో ఒకే ఒక్క మనిషి మొక్కల మధ్య కూర్చుని కలుపు తీస్తోంది. తలకూ మొహానికీ తువాలు చుట్టుకుంది. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒంటిమీద మాత్రం నీలిగీతల చొక్కా. అది మా నాయనది!

నాయన పొద్దున్నే కదిరికి పోయినాడు. ఆయన్ను ఏదో చేసి చొక్కా లాక్కున్నారనుకున్నాను. అమ్మను కూడా ఏదో చేసేశారు. ఆ మనిషి లేచి నావైపు రాగానే చెంబు వదిలేసి పరుగు తీశాను. వెనక అడుగుల చప్పుడు.

"యాటికి ఉరుకుతాండావే? నేనే, మీ యమ్మను!"

నన్ను పట్టుకుని తువాలు విప్పింది. అమ్మే.

"చీర మీద మీ నాయన సొక్కా తొడుక్కొని, ఎండకు మొగం మాడిపోతాదని తువాలు కట్టుకుంటి. దానికే ఇంత బయమా?" అంటూ, చెమటతో తడిసిన ఆ తువాలే నా తలకూ మొహానికీ చుట్టి ఇంటికి పంపింది.

మిగిలిన సాళ్ళలో కలుపంతా పొద్దు గూకేదాకా ఉత్త మొహంతోనే తీసింది. ఎండకు అడ్డంగా మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క తువాలే.