దూపగొన్న బావి

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. రోహిణి ఎండలు దంచుతున్న రోజులు. పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే, గోడ అవతల పెద్దనాయిన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. పిలవలేదు. నన్ను చూశాక మాత్రం, "బిడ్డా, జర మీ పెద్దమ్మను లేపవా? నేను లేపితే లేస్తలేదు" అన్నాడు. వెళ్లి చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎంత ఎండాకాలమైనా ఆ ఇంట్లో అన్నీ చల్లగానే ఉండేవి కాబట్టి, ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. వరంగల్‌లో మేం ఈ ఇల్లు కొనుక్కొని సామాను దించుతున్న రోజే గోడ మీంచి చెంబుడు మజ్జిగ అందించి, "పెద్దమ్మా అను, ఆంటీ గీంటీ అనకు" అంది. అంతే, పెద్దమ్మ అయిపోయింది. ఆమె భర్త పెద్దనాయిన అయ్యాడు. ఇద్దరే ఉండేవాళ్లు. పిల్లల సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు.

ఆ ఇంటి తీరు చెప్పాలి. మా గల్లీలో వాకిలికి సిమెంటు వేయని ఇల్లు అదొక్కటే. ఫినాయిల్ అన్నది గడప తొక్కేది కాదు, వేపాకు కాచిన నీళ్లతో నేల తుడిచేది. బట్టలకు కుంకుడుకాయ, గిన్నెలకు బూడిద. గ్యాస్ పొయ్యి మీద వండే ఇంట్లో బూడిద ఎక్కడిదని మీరు అడగవచ్చు. మూలమలుపు దగ్గర ఇస్త్రీ బండి అతను బొగ్గుల బూడిదంతా ఆమె కోసం డబ్బాలో దాచిపెట్టేవాడు. కూరగాయల తొక్కలు అరటి చెట్ల మధ్య గుంతలోకి పోయేవి. ఇవన్నీ బాగా కుదిరేవని మాత్రం చెప్పను. ఆ గుంత దగ్గర చేరిన పందికొక్కులు మా ఇంటి పునాది దాకా తవ్విపోశాయి. ఆమె మాట విని మా పాప స్కూలు చొక్కా కుంకుడు రసంలో నానబెడితే తెల్లది కాస్తా పచ్చబడింది. "తెల్లగుంటెనే సదువస్తదా?" అంది తప్ప, అయ్యో అనలేదు. ఆమె ఓడిపోయినట్టు ఒప్పుకోవడం నేను చూడలేదు.

ఇంటి వెనక ఒక బావి ఉంది. పైన ఇనుప జాలి, దానికి తాళం. డాబా మీద పడ్డ వాన అంతా ఒక పైపులో దిగి, ఇసుక, బొగ్గు, కంకర నింపిన డ్రమ్ములో వడకట్టుకొని బావిలో పడేది. మేం వాషింగ్ మెషిన్ కొన్న కొత్తలో దాని నీళ్లు గోడ కింది నుంచి వాళ్ల పెరట్లోకి ఊరాయి. ఆమె చేతిలో చీపురుతోనే మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ సబ్బు నీళ్లు నా బావి దిక్కు రానియ్యకు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ బావేమన్న గుడి ముందటి కోనేరా, పెద్దమ్మా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. "కాదు" అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. వాన వస్తే పెద్దనాయిన ఇంట్లో ఉండడు. గొడుగు వేసుకొని టీ కొట్టుకు వెళ్లి, వెలిసేదాకా అక్కడే కూర్చుంటాడు. ఎవరైనా వానకు ఇంట్లోకి ఉరుకుతారు, ఈయన బయటికి ఉరుకుతాడని గల్లీలో నవ్వుకునేవాళ్లు. నేను ఆఫీసు నుంచి వస్తూ తడిసి అక్కడే ఆగాను. పొద్దుటి గొడవ చెప్పాను, నా వైపు మాట్లాడతాడన్న ఆశతో. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మాకొక బిడ్డ ఉండె" అన్నాడు. "'బాపూ, బాపూ' అనుకుంట నా ఎన్కనే తిరిగేది. అప్పటికింక బడికి పోలే. ముందటర్రల నా మగ్గం నడుస్తాంది, కరెంటు మగ్గం. ఆ చప్పుడుల పక్కన మనిషి ఒర్రినా ఇనపడది. మీ పెద్దమ్మ బజారుకు పోయింది. బిడ్డ ఎనుకకు పోయింది. నాకు ఇనపడలే."

తర్వాత ఆయన మగ్గం అమ్మేశాడు. బావి మీద బండ వేయించాడు. ఏళ్లకేళ్లు అది బండ కిందే ఉంది. పెద్దమ్మ ఒకరోజు కూలీలను పిలిచి ఆ బండ పగలగొట్టించింది. "నన్ను అడగలే" అన్నాడు. ఆ బావి నీళ్లు ఆయన ఒక్క గుక్క తాగలేదు. ఆయన కోసం వేరుగా నీళ్ల క్యాన్ వచ్చేది. వాన పడుతుంటే ఇంట్లో ఎందుకు ఉండడో నాకు అప్పుడు తెలిసింది. ఆ నీళ్లు బావిలో పడే చప్పుడు ఆయన వినలేడు.

మర్నాడు మెషిన్ పైపును వీధి కాలువ వైపు తిప్పించాను. పెద్దమ్మ గోడ మీంచి చూసి, "మంచిగైంది" అంది.

అసలు సంగతి ఆమె నోటితో విన్నది చాలా రోజుల తర్వాత. అరుగు మీద కూర్చొని ఇద్దరం కుంకుడుకాయలు కొట్టి గింజలు తీస్తున్నాం. నేను ఏమీ అడగలేదు.

"గల్లీల బోర్లన్ని ఎండిన ఏడు" అంది. "పగటీలి జర కన్నంటుకున్నది. బిడ్డ కలలకొచ్చింది. 'అమ్మా, దూపైతాంది' అన్నది. లేచి కూసున్న. ఇంటి మీద పడ్డ వాన ఎన్నేండ్ల సంది రోడ్డు మీదికే పోతాంది. బండ కింద బావి ఎండిపాయె. మరి దానికి నీళ్లెవలు పొయ్యాలె?"

సబ్బు ఎందుకు వద్దో, ఫినాయిల్ ఎందుకు వద్దో, వాకిలికి సిమెంటు ఎందుకు వద్దో ఒక్కసారిగా తెలిసింది. నేల మీద పడ్డ వానైనా, పోసిన సబ్బైనా ఆ పిల్ల మీదికే దిగుతుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని నేను చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను.

డాబా మీంచి దిగే ఆ వాన పైపుకు రెండు దారులు ఉండేవి. ఒకటి కాలువలోకి, ఒకటి బావిలోకి. మధ్యలో తిప్పే పిడి. వాన మొదలైనప్పుడు నీళ్లు కాలువకే పోవాలి, డాబా మీది దుమ్మూ పావురాల రెట్టలూ కొట్టుకుపోయేదాకా. స్టీలు గ్లాసులో పట్టి చూసి, తేటపడ్డాకనే బావి వైపు తిప్పేది. ఆ పిడిని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి గోడ ఇవతల ఆరేసిన బట్టలు తీస్తూ విన్నాను. ఆమె తడుస్తూ నిలబడి జాలి వైపు చూసి మాట్లాడుతోంది. "జర ఆగు బిడ్డా. ఇంక గలీజు పోలే. నీ నెత్తి మీద మురికి నీళ్లు పోస్తనా?" అని. తలస్నానం చేయిస్తున్న తల్లి గొంతు అది, కాస్త విసుగు కూడా ఉంది అందులో. బట్టలు సగం తీగ మీదే వదిలేసి లోపలికి వచ్చేశాను.

పోనుపోను బావిలో నీళ్లు నిలిచాయి. ట్యాంకర్ కోసం గల్లీ అంతా కొట్లాడుకున్న ఎండాకాలంలో ఆమె మోటారు పెట్టి అందరి బిందెలూ నింపింది. దాంతో ఎవరో వచ్చి షామియానా వేసి, మైకు పెట్టి, పర్యావరణానికి సేవ చేసిందని శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. "పర్యావరణమో గిర్యావరణమో నాకెర్క లేదు. ఇంట్ల పిల్లకు దూపైతే నీళ్లియ్యమా?" అని దిగి వచ్చేసింది. గల్లీ పిల్లల గురించి అనుకొని అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి పెద్దనాయిన లేచి వెళ్లిపోవడం నేను చూశాను. ఆ శాలువా మర్నాటికి ఇసుక డ్రమ్ముకు మూతగుడ్డ అయింది.

పోయే ముందు ఆ ఎండాకాలమంతా ఆమె బాగా నీరసపడింది. దవాఖానకు తీసుకుపోతానంటే వద్దనేది. "నాకు చావంటే ఫికర్ లేదు" అంది ఒకరోజు. "నేనున్నన్ని రోజులు నేను పోస్త. నేను పోంగనే ఈయన మల్ల బండ ఏపిస్తడు. బిడ్డ మల్ల దూపకుంటది. గదొక్కటే ఫికర్." నేను చూసుకుంటాలే అన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు. ఇల్లు ఆయనది, బావి ఆయనది, పోయిన బిడ్డ ఆయనకూ బిడ్డే కదా.

ఆమె అన్నట్టే అయింది. దినాలు కాగానే పెద్దనాయిన ట్రాక్టర్‌తో ఎర్ర మొరం తెప్పించి గేటు పక్కన కుప్ప పోయించాడు. "బావి పూడిపిస్త బిడ్డా. దాంతోని ఒక్కన్నే ఉండుడు నాతోని అయితలేదు" అన్నాడు. కోపంతో ఏదో అనబోయాను. ఆయన మొహం చూసి వెనక్కి తగ్గాను. కూలీలు మూడు నాలుగు రోజుల్లో వస్తారని చెప్పాడు.

ఆ రోజులు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. వాషింగ్ మెషిన్ మూత వేస్తుంటే గోడ మీంచి ఎవరో చూస్తున్నట్టు ఉండేది. ఫినాయిల్ సీసా మూత తిప్పి, మళ్లీ బిగించి, అటక మీద పెట్టేశాను. భయం కాదని చెప్పను, భయమే. దాంతో పాటు, ఆమె నిజంగానే చూస్తుంటే బాగుండునన్న ఆశ కూడా.

కూలీలు రావలసిన రోజుకు ముందు సాయంత్రం మృగశిర కార్తె తొలకరి, మిరుగు వాన వచ్చింది. ఉరుము లేదు, గాలి లేదు, వస్తూనే గట్టిగా పట్టుకుంది. పిడి తిప్పడానికి ఆమె అక్కడ ఉంటుందనిపించింది నాకు. అబద్ధం ఎందుకు, అందుకే వెళ్లాను. గొడుగు కూడా తీసుకోకుండా వాళ్ల పెరట్లోకి ఉరికాను. పైపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

పెద్దనాయిన. టీ కొట్టుకు పోలేదు. ధోవతి మోకాళ్లకు అతుక్కుపోయింది. గ్లాసులో నీళ్లు పట్టి, కళ్ల దగ్గర పెట్టుకొని చూస్తున్నాడు.

"తేటగైనయా, బిడ్డా? నాకు సరిగ కనపడ్తలేదు."

చూశాను. ఇంకా మట్టి రంగులోనే ఉన్నాయి. "ఇంక కాలే, జర ఆగాలె" అన్నాను. ఆయన ఆ నీళ్లు పారబోసి, మళ్లీ పట్టి, మళ్లీ నాకు చూపించాడు. ఇద్దరం తడుస్తూ నిలబడ్డాం. మొరం కుప్ప కరిగి వాకిట్లోంచి ఎర్రగా పారుతోంది. ఆయన అటు చూడలేదు.

"ఇప్పుడు మంచిగైనయి" అన్నాను.

"ఎటు తిప్పాలె?"

చూపించాను. రెండు చేతులతో బలంగా తిప్పాడు. డ్రమ్ములో గుడగుడమంది. కాసేపటికి లోపల, చాలా కింద, నీళ్ల మీద నీళ్లు పడ్డ చప్పుడు. వెనక్కి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ఒక చేయి పిడి మీదే ఉంచి జాలి మీదికి వంగాడు.

"భయపడకు బిడ్డా" అన్నాడు మెల్లగా. "నేను, బాపును."

వాన వెలిసేదాకా ఆయన పిడి మీంచి చేయి తీయలేదు.