నంబరు చెరగదు

మా ఆయనకి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో మా తమ్ముడి భార్యని ఒక్కసారీ సరైన పేరుతో పిలవలేదు. చేతిలో పాత రివాల్వర్ పెడితే మాత్రం, నూటయాభై ఏళ్ళ కిందట దాన్ని చేసినవాడి వివరాలన్నీ చెప్పేవారు. "బావకి తుపాకులే చుట్టాలు, మనం దారినపోయేవాళ్ళం," అనేవాడు మా తమ్ముడు.

ఆయన పని మ్యూజియం వెనకవైపు, నాలుగు మెట్లు దిగితే వచ్చే ఆయుధాల గదిలో. ఒక పొడుగాటి బల్ల, గుడ్డ పరిచిన ట్రేలు, ఎప్పుడూ వదలని నూనె వాసన. ఇప్పటి తూటాలు రాకముందు కాలపు రివాల్వర్లు ఆయన వాటా. వాటి నడుమ గిర్రున తిరిగే సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ముందువైపు నుంచి మందుపోసి, గుండు దట్టించి, వెనకనున్న చిన్న ముక్కుకి రాగి టోపీ తొడిగి పేల్చేవారట.

"పేరుదేముంది, ఎవడైనా చెక్కించుకుంటాడు," అనేవారు. "ముందు ఒళ్ళు చూడాలి. తర్వాత ముద్ర. ఆఖర్న పేరు." కోల్ట్ కంపెనీ తుపాకుల్లో చాలావాటికి సిలిండర్ మీద కప్పు ఉండదు. ఆడమ్స్‌కి చట్రమూ గొట్టమూ ఒకే ఇనుపముక్క. ఇవన్నీ నాకు అన్నం తింటూ చెప్పేవారు.

"నన్నూ ఇలాగే చూసి చేసుకున్నారా?" అని అడిగాను ఒకసారి.

"నీ మీద ముద్ర లేదు. నమ్మి తెచ్చుకున్నాను."

వీటన్నిటికంటే ముందు పుల్ల. ఎంత పాతదైనా, ఎవరిచ్చినా, సన్నటి వెదురుపుల్ల ఒక్కో గదిలోకీ దింపి లోతు చూసేవారు. వందేళ్ళనాటి మందైనా చచ్చిందని నమ్మకూడదు. పుల్ల అడుగంటకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఏ ముక్క ఖాళీ, ఏది కాదు అన్నది దానిమీద చెక్కిన నంబరుతో సహా చీటీలో రాసేవారు. దారంతో చీటీ కట్టరెందుకని వాచ్‌మన్ అడిగితే, "దారం ఊడుతుంది, సుద్ద చెరుగుతుంది, నంబరు చెరగదు," అన్నారట.

రిటైర్మెంట్‌కి పద్నాలుగు నెలలుందనగా కళ్ళు మొరాయించాయి. చూపు నడిమధ్య మచ్చ పడిందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి మెట్లమీదే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆఫీసులో తెలిస్తే ఫైళ్ళ గదిలో పడేస్తారు. పద్నాలుగు నెలలే. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను.

అప్పటినుంచి ముద్రలు మా వంటింటికి రావడం మొదలైంది. పల్చటి కాగితం ఇనుము మీద పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే గీతలన్నీ పైకి తేలతాయి. ఆ కాగితాలు టిఫిన్ డబ్బాలో మడిచి తెచ్చేవారు. నేను కూర తరుగుతూ చదివేదాన్ని.

"ఇక్కడేముంది?"

"కోడిగుడ్డులాంటి గీత, అందులో మూడక్షరాలు. పైన ఎవరిదో గొప్ప పేరు."

"ఆ పేరు వదిలెయ్. బెల్జియం ముద్ర అది."

ఏడాది అలాగే గడిచింది. ఒక్క తుపాకీ ముట్టుకోకుండా నేను సగం పండితురాలినయ్యాను. భయం కూడా పెరిగింది. చివరికి ఆయన గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన నీళ్ళు పోసుకుంటున్నారు.

ఆ మంగళవారం రెండు కాగితాలు తెచ్చారు. ఒకే పెట్టెలో ఒక రివాల్వర్, రెండు సిలిండర్లు వచ్చాయట. పుల్ల పెడితే ఒకటి పూర్తిగా ఖాళీ, రెండోదాంట్లో ఒక గదిలో మందుంది. కాగితాల వెనక ఏది ఏదో రాసుకుని వచ్చారు. నంబర్లు నేను చదివాను. ఖాళీది 5188. మందున్నది 5183. ఆయన చీటీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నారు.

"రేపేం చేస్తారు వీటిని?"

"మందున్నది నీళ్ళలో నానబెడతాను. ఖాళీదానికి ముక్కులు తుప్పుపట్టి కదలట్లేదు, కాస్త మంటమీద కాచి తియ్యాలి."

కత్తి కింద పెట్టేశాను.

"ఏమండీ, ఇదే ఆఖరు. ఇంక నేను చదవను. రేపు ఆఫీసరుగారికి చెప్పెయ్యండి."

"ఇంకో రెండు నెలలే కదే."

"రెండు రోజులైనా చదవను. ఫైళ్ళ గదిలో కూర్చుంటే పరువేం పోతుంది? ప్రాణాలతో ఉంటారు."

"నువ్వు లేకపోతే చదవలేననుకున్నావా?" అన్నారు. పొద్దున డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. చదవనంటే దారికొస్తారనుకున్నాను.

పదకొండున్నరకి మ్యూజియం వాచ్‌మన్ వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. మంటమీద పెట్టిన సిలిండర్ పేలిందని, గుండు మెడలోంచి పోయిందని, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని, నేలకేసి చూస్తూ చెప్పాడు.

వారం తర్వాత విచారణకొచ్చిన ఆఫీసరు మర్యాదగానే అడిగాడు.

"ఆయనకి చూపు ఇబ్బంది ఏమైనా ఉండేదా అమ్మా?"

"చత్వారం. ఆ వయసులో అందరికీ ఉండేదే."

అజాగ్రత్త అని రాసుకుని వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళు పుల్ల పెట్టకుండా ఏదీ ముట్టుకోని మనిషిని.

ఆయన వస్తువులు వాచ్‌మనే తెచ్చిచ్చాడు. కళ్ళజోడు, వెదురుపుల్ల, కడగని టిఫిన్ డబ్బా. డబ్బాలో ఒక కాగితం మడత.

"ఆ పొద్దున ఒక సిలిండర్ మీద ఈ కాగితం రుద్ది, కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు నిలబడ్డారమ్మగారూ," అన్నాడు. "నేను చదవనా అయ్యా అంటే, పనేదో నువ్వు చూసుకో అన్నారు."

మడత విప్పాను. పెన్సిలు రుద్దిన నల్లటి పట్టీ, దానికింద వంకరటింకరగా ఆయన రాత: 5188. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నల్లటి పట్టీలో చివరి అంకెకి ఎడమవైపు రెండు నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. మూడు.

చదవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.