ఎవరి బండ వాళ్ల ఇల్లు

నా చిన్నప్పుడు నాకు బడి దొరికింది మా చెల్లె పుణ్యాన. అంతకుముందు బడి లేకపోయింది కూడా దాని వల్లే. తాండూరులో మా నాయన నాపరాయి గనిలో బండలు తీసేవాడు, అమ్మ పప్పు మిల్లులో కందులు చెరిగేది. ఇద్దరూ తెల్లారగానే పనికి పోతే చెల్లెను చూసుకోవడానికి మిగిలేదాన్ని నేనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు అవి. నా ఈడు పిల్లలు పలకలు పట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోతుంటే నేను గడప మీద కూర్చుని చెల్లె ఎటూ పోకుండా కాపలా కాసేదాన్ని. వాళ్లను చూస్తే నాకు కడుపు మండేది.

చెల్లెకు నాలుగేళ్లు దాటాయి. మనం ఏమంటే అదే మాట తిరిగి మనకు అప్పజెప్పేది గానీ సొంతంగా ఒక మాట అడిగి ఎరగదు. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు, కానీ గిన్నె మీద మూత పడితే మాత్రం చెవులు మూసుకుని గుక్క పట్టేది. ముద్దు చేయబోయిన వాళ్లను కొరికేది. గాలి సోకిందని ఒకరన్నారు, దిష్టి తగిలిందని ఇంకొకరన్నారు. అమ్మ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తే సాయంత్రానికల్లా తెంపి పారేసింది. ఇప్పుడైతే దీనికి ఆటిజం అని పేరుంది, డాక్టర్లున్నారు. అప్పుడు మా వాడలో దాని పేరు మొండిది, అంతే.

ఆ ఏడు వికారాబాదు నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం బజారంతా వినిపించేది. స్టేషను దగ్గర గది తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రం ప్యాసింజరులో ఇంటికి పోయి వస్తుండేది. చిన్నపిల్లల తరగతి, ఒకటో తరగతి రెండూ ఒకే గదిలో ఆమెకే అప్పజెప్పారు. పిల్లలను పోగేయడానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా గడప దగ్గర ఆగి, సంగతంతా విని అమ్మతో, "ఇద్దర్ని తోలియ్యి అక్కా. ఒకదానికి ఇంకోదాన్ని కాపలా వెట్టి ఇద్దరి సదువు ఎందుకు ఆపుతవ్?" అంది. అమ్మకు నమ్మకం లేదు గానీ, అంత గట్టి గొంతుకు కాదనడానికి ధైర్యం కూడా లేదు.

మొదటి రోజే పంతులమ్మ అందరు పిల్లలను ఎత్తుకున్నట్టు చెల్లెను కూడా ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. చెల్లె ఆమె చెయ్యి కొరికింది. నేనైతే దెబ్బలు తప్పవనుకున్నాను. ఆమె చెయ్యి చూసుకుని, చెల్లెను నెమ్మదిగా కిందికి దించి, "తప్పు నాదే. అడగకుండ ఎత్తుకున్న" అంది. పెద్దవాళ్లు పిల్లల ముందు ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు.

అసలు కష్టం గంటతో వచ్చింది. మా బడిలో గంట అంటే వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. చప్రాసీ దాన్ని ఇనుప కడ్డీతో కొడితే మా పళ్లు కూడా జిల్లుమనేవి. గంట కొట్టినప్పుడల్లా చెల్లె నేల మీద పడి ఒకటే ఏడుపు. దాన్ని చూసి చిన్నపిల్లలు కూడా ఏడుపందుకునేవాళ్లు. కొందరు తల్లులు బడి పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, దగ్గరికి పోయి తగాదా పెట్టుకున్నారు. పెద్దసారు చెడ్డవాడేమీ కాదు, కానీ రోజూ ఈ గొడవ వినీ వినీ విసిగిపోయాడు. "శనివారం గంటప్పుడు నేనే వచ్చి చూస్త. గట్లనే ఒర్లితే ఇంటికాడ ఉంచుకోవాలె" అని చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం అమ్మ నా జడ వేస్తూ, "అది పోకుంటె నువ్వు గూడ పోయేది లేదు బిడ్డా. దాన్ని ఎవలు సూడాలె?" అంది. అమ్మ తప్పు లేదని అప్పుడే తెలుసు నాకు. అయినా అన్నం సయించలేదు. నా పలక మీద గుణింతం ఇంకా సగమే అయింది.

మర్నాడు పొద్దున మేం పోయేసరికి పంతులమ్మ సుద్దముక్కతో ఎదురుచూస్తోంది. తాండూరులో ఏ ఇంట్లోనైనా, ఏ బడిలోనైనా నేలకు మా నాపరాళ్లే. చెల్లె వచ్చిన రోజు నుంచి గోడవారగా ఉన్న ఒక్క బండ మీదే కూర్చునేది. దాని అతుకుల వెంట వేలు పోనిస్తూ గంటలు గడిపేది. ఇంకెవరైనా ఆ బండ మీద కూర్చుంటే గోల. మేమందరం దాన్ని మంకుపట్టు అనుకున్నాం. పంతులమ్మ మాత్రం ఆ పట్టును తరగతికే కాయిదా, అంటే నియమం చేసింది. తలా ఒక బండ ఇచ్చి, దాని మీద మాకు నచ్చిన గుర్తు గీసుకోమంది. ఎవరి బండ వాళ్ల ఇల్లు. ఇంకొకరి ఇంట్లోకి పోవాలంటే అంచు మీద వేళ్లతో తట్టి ఆగాలి. రమ్మంటే పోవాలి, లేకుంటే వెనక్కి తిరగాలి. పంతులమ్మకు కూడా అదే కాయిదా.

పిల్లలకు ఇంతకంటే పండగ ఏముంటుంది? కిరాణా కొట్టు సేటు కొడుకు చదువు మానేసి రోజంతా ఇల్లిల్లూ తట్టుకుంటూ తిరిగాడు. పంతులమ్మ రోజూ చెల్లె బండ తట్టేది, ఆగేది. చెల్లె తల ఎత్తేది కాదు. "అమ్మగారికి ఇయ్యాల తీరిక లేదు" అని నవ్వి, తన కుర్చీకి పోయేది. ఏమాత్రం నొచ్చుకునేది కాదు.

గంటకు ఇంకో ఉపాయం చేసింది. చప్రాసీ కడ్డీ కోసం లేవడం ఆమె కుర్చీలో నుంచి కనిపించేది. అతను లేవగానే ఆమె రెండు చేతులూ పైకెత్తి తన చెవులు మూసుకునేది. మేమందరం అలాగే మూసుకోవాలి. ఆ తర్వాతే గంట. మాకది ఆట. చెల్లె మొదట్లో అలాగే ఏడ్చింది. తర్వాత్తర్వాత పంతులమ్మ మొహం చూడకపోయినా ఆమె చేతుల వైపు చూడడం మొదలుపెట్టింది. శుక్రవారం పొద్దుటి గంటకు ఏడవలేదు, సాయంత్రం గంటకు ఏడ్చింది. అందుకే శనివారం పొద్దున్నుంచీ నా కళ్లు పంతులమ్మ చేతుల మీదే.

పెద్దసారు షేర్వాణీ తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పంతులమ్మ చేతులు లేచాయి. గదిలో అందరి చేతులూ లేచాయి. నేను కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, చెవులు ఊడివస్తాయేమో అన్నంత గట్టిగా మూసుకున్నాను. గంట మోగి ఆగింది. ఎవరూ ఏడవలేదు.

"గా పిల్ల ఇయ్యాల రాలేదా?" అన్నాడు పెద్దసారు.

"వచ్చింది సార్. మీరే గుర్తువట్టుండ్రి."

ఆయన అందరినీ కలయజూసి, వేలు తిన్నగా నా వైపు చూపించి, "గిదేనా?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. "గామె అక్క సార్" అని పంతులమ్మ చెప్పేసరికి ఆయనకూ నవ్వు ఆగలేదు. అసలు మనిషేమో చేతులు దించి తన బండ అతుకుల మీద వేలు నడిపించుకుంటోంది. ఆయన మురిపెంగా దాని తల నిమరబోయాడు. పంతులమ్మ ఆపింది.

"జర ఆగుండ్రి సార్. బండ తట్టి అడగాలె. మా కాయిదా."

అంత పెద్ద మనిషి షేర్వాణీ ఎగదోసుకుని వంగి, బండ అంచు తట్టి ఆగాడు. చెల్లె చూడలేదు. ఆయన చాలాసేపు నిలబడి, "సరే బిడ్డా, మల్ల వస్త" అని దానికి చెప్పి, "ఉండనియ్యుండ్రి" అని పంతులమ్మకు చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కూడా ఏడుస్తారని నాకు తెలియక కడుపునొప్పి అని చెప్పాను.

ఇంటికి వచ్చాక చెల్లె మెట్టు మీద కూర్చుంది. దాని పక్కన చోటు తక్కువ. మామూలుగా అయితే మా ఇంట్లో దాన్ని ఎత్తి పక్కన పెట్టి కూర్చుంటాం, ఎవరికీ అది తప్పనిపించేది కాదు. ఆ రోజు నేను మెట్టు అంచు తట్టాను. నిలబడ్డాను. కాళ్లు లాగుతున్నా నిలబడ్డాను. చెల్లె నా వైపు చూడకుండానే, నేను పట్టేంత పక్కకు జరిగింది.

తర్వాత నేను చదువుకుని పంతులమ్మనే అయ్యాను, రిటైరూ అయ్యాను. చెల్లె నాతోనే ఉంది, హాయిగా ఉంది. దానికి మాటలు ఎక్కువ రాలేదు, మా ఇద్దరికీ అవి పెద్దగా అవసరం పడలేదు. ఆ శనివారం నుంచి ఒక్క అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. ఏ పిల్ల దగ్గరికి పోయినా, ఏ పెద్దవాళ్ల దుఃఖం దగ్గరికి పోయినా, ముందు అడిగి ఆగుతాను. రమ్మంటే కూర్చుంటాను. రమ్మనకపోతే నొచ్చుకోను, మళ్లీ వస్తాను.