హస్సాన్ పీకేసిన చుక్కలు

ఆదోనిలో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినవాడికి ఒక విద్య దానంతటదే అబ్బుతుంది: కొత్త గిన్నె మీద కంపెనీవాడు అంటించిన స్టిక్కర్‌ను మచ్చ మిగలకుండా ఊడదీయడం. గోరుతో గీకితే గీత పడుతుంది, నీళ్ళలో నానేస్తే బంక మిగులుతుంది. కాస్త వెచ్చజేసి, కొబ్బరినూనె రాసి, బొటనవేలితో ఒక పక్కనుంచి నెమ్మదిగా తోయాలి. హస్సాన్‌కి పదేళ్ళకే ఈ పని వాళ్ళ నాన్నకంటే బాగా వచ్చు. ఆ విద్యే ముప్పై నాలుగో ఏట, సిడ్నీ దగ్గర క్వేకర్స్ హిల్‌లో, అతని కొంప ముంచింది.

సిడ్నీకి వచ్చింది 1998లో, కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో ప్రోగ్రామర్‌గా. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నిటికీ మతిపోతుందని లోకం బెంబేలెత్తిన రోజులవి. ఏడాదిన్నర పాటు ఒక బీమా కంపెనీలో కూచుని, పాత ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాలన్నిటినీ నాలుగంకెలు చేశాడు. జనవరి ఒకటి వచ్చింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతను చేసిన పని. కానీ జరగనిదానికి చప్పట్లు కొట్టే తీరిక ఎవరికుంటుంది? మార్చిలో కాంట్రాక్టు ముగిసిందని రెండు లైన్ల ఈమెయిల్ పంపారు. కొత్త ఇంటర్నెట్ కంపెనీలవాళ్ళు కోబాల్ అన్న మాట చూడగానే అప్లికేషన్ పక్కన పడేసేవారు. చివరికి వారానికి నాలుగు రోజులు గోదాములో పెట్టెలకు టేపు చుట్టే పని దొరికింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆఫీసు బాగానే ఉందని చెప్పేవాడు. పాపం, ఇంకేం చెబుతాడు?

గోదాములో రొద వినపడకుండా అందరి చెవులకీ మఫ్‌లు ఉండేవి, మాటల్లేవు. శుక్రవారం మసీదులో సలాములయ్యాక ఎవరి కారు వాళ్ళది. అతనుండేది రామ్‌లాల్ ఇంటి వెనక ఒంటిగదిలో. రామ్‌లాల్ ఫిజీ నుంచి వచ్చినాయన. ఆయన పూర్వీకులు వైజాగు వైపు నుంచి అక్కడి చెరకుతోటలకి ఎప్పుడో వలసపోయారట. నానమ్మ దగ్గర నేర్చిన తెలుగు ఆయన దగ్గర పిడికెడే మిగిలింది.

"బువ్వ తిన్నావా, బాబూ?"

"తిన్నా, అంకుల్."

అంతటితో తెలుగు అయిపోయేది. ఒకసారి హస్సాన్ కూచుని ఆలోచిస్తే, తనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఆ నెలలో ఒక్కరూ తేలలేదు. ఆ సాయంత్రం గదిలో తన పేరు తనే పైకి అనుకుని చూశాడు. సిగ్గేసి టీవీ పెట్టుకున్నాడు.

అలా ఉన్నవాణ్ణి రామ్‌లాలే ఒకరోజు క్లబ్బుకి తోలాడు. ఆయన కొడుకు కునాల్ అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ ఆడతాడు, దాన్నే ఇక్కడ గ్రిడైరన్ అంటారు. భుజాలకి దిండ్లు కట్టుకుని, తలకి ఇనప ఊచల హెల్మెట్ పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట. రగ్బీ, క్రికెట్ తప్ప ఇంకేదీ కంటికానని ఆ దేశంలో దీన్ని చూడ్డానికి వచ్చేది ఆటగాళ్ళ అమ్మలూ, వాళ్ళ వెంట వచ్చిన కుక్కలూ. క్లబ్బులో సామాన్లు చూసుకునే మనిషి లేడు. కోచ్ గ్రెగ్ హస్సాన్ చెయ్యి పట్టుకుని ఊపి, షెడ్డులో ఒక కొక్కేనికి తెల్ల టేపు అంటించి దాని మీద 'హ్యాస్' అని రాశాడు. సగం పేరైతేనేం! హస్సాన్ టోపీ తీసి దానికి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ కొక్కెం పోకూడదని ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాడు.

అతను చేరిన రెండు వారాలకి, 2001 ఫిబ్రవరిలో, ఫైనల్ వచ్చింది. "హెల్మెట్లు తళతళలాడాలి, హ్యాస్" అన్నాడు గ్రెగ్. శుక్రవారం జుమ్మా అయ్యాక హస్సాన్ షెడ్డులో ఒక్కడే కూచున్నాడు. నలభై ఎర్ర హెల్మెట్లు. వాటి మీద అడ్డదిడ్డంగా రూపాయి బిళ్ళంత తెల్ల నక్షత్రాల స్టిక్కర్లు, ఒకదానికి మూడు, ఒకదానికి ఇరవై. వరసా లేదు, పద్ధతీ లేదు. ఎవరి పిల్లలో ఆడుకుంటూ అంటించారనుకున్నాడు. ఎవరినైనా అడగొచ్చుగా? అడగలేదు. హెయిర్ డ్రయ్యరూ, కొబ్బరినూనే తెచ్చుకుని ప్రతి చుక్కా ఊడదీశాడు. షెడ్డులోని గుడ్డి బల్బు కింద నూనె మెరుపుకి అన్నీ కొత్తవాటిలా కనిపించాయి. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

శనివారం పొద్దున్న ప్రాక్టీసుకి ఆటగాళ్ళొచ్చారు. హెల్మెట్లు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కళ్ళే గ్రెగ్ వైపు తిరిగారు. సియోనే అనే టోంగా కుర్రాడు, తలుపంత మనిషి, తన హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి, నూనెని చేత్తో తడిమి కింద పెట్టేశాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు గ్రెగ్.

"నేనే" అన్నాడు హస్సాన్ వెంటనే.

గ్రెగ్ అరవలేదు, అరిచినా బాగుండేది. ఆ చుక్కలేమిటో నెమ్మదిగా చెప్పాడు. గట్టి దెబ్బ కాచుకున్నవాడికి, బంతి లాక్కున్నవాడికి, సాటివాణ్ణి కాపాడినవాడికి ప్రతి మంగళవారం అందరి ముందూ ఒక చుక్క ఇస్తారు. మంగళవారాలు హస్సాన్‌కి గోదాము డ్యూటీ, అతనెప్పుడూ చూళ్ళేదు. కొందరి చుక్కలు ఐదేళ్ళవి. ఎవరికెన్నో ఎక్కడా రాసిలేదు.

"సియోనే అందరికీ ముందు నిలబడి గుద్దులు తినేవాడు. బంతి వాడి చేతికి రాదు, పేరు పేపర్లో పడదు. వాడికున్నది ఆ తొమ్మిది చుక్కలే" అన్నాడు గ్రెగ్. "ఇంటికెళ్ళు, మేట్. రేపు రానక్కరలేదు."

హస్సాన్‌కి తల కొట్టేసినట్టయింది. తనలాగే ఎవరికీ కనపడని పని చేసేవాడు ఒకడున్నాడు, వాడికి దక్కిన తొమ్మిది చుక్కల్నీ తన చేత్తోనే పీకేశాడు. టోపీ తీసుకోవడానికి కొక్కెం దగ్గరికి వెళ్ళాడు గానీ తీయబుద్ధి కాలేదు. పోయేముందు కనీసం ఆ నూనె జిడ్డయినా తుడిచి పోదామని, సియోనే హెల్మెట్‌ని ఎండలోకి తెచ్చి, సబ్బు గుడ్డతో రుద్ది, పొడిబట్టతో తుడిచాడు.

అప్పుడు కనిపించాయి. ఏళ్ళ తరబడి ఆస్ట్రేలియా ఎండకి హెల్మెట్ ఎరుపంతా వెలిసి ఇటుక రంగుకి దిగింది. చుక్క ఉన్నచోట మాత్రం ఎండ తగల్లేదు. అక్కడ పాత ఎరుపు చిక్కగా, ఐదు కొనలతో అలాగే ఉంది. లెక్కపెట్టాడు. తొమ్మిది.

"అంకుల్!" అని తెలుగులోనే కేక పెట్టాడు. కొడుకుని దింపడానికొచ్చిన రామ్‌లాల్ పరిగెత్తుకొచ్చి, చూసి, గ్రెగ్‌ని పిలుచుకొచ్చాడు. గ్రెగ్ వేలితో ఆ గుర్తులు తడిమాడు. వెళ్ళి కారులోంచి కొత్త చుక్కల చుట్ట తెచ్చి హస్సాన్ ఒళ్ళో పడేశాడు.

మధ్యాహ్నం మూడింటిదాకా హస్సాన్ గడ్డిలో కూచుని నలభై హెల్మెట్లూ కడిగి, ప్రతి గుర్తు మీదా కొనకి కొన సరిపెట్టి చుక్క అంటించాడు. రామ్‌లాల్ పక్కన కూచుని స్టిక్కర్ల వెనక కాగితం ఒలిచి ఇచ్చాడు. నిన్నగాక మొన్న ఇచ్చిన చుక్కలకి గుర్తు పడలేదు. వాటిని ఎవరివి వాళ్ళే చెప్పి అంటించుకున్నారు. ఒక్కడూ ఒకటి ఎక్కువ చెప్పలేదు. సియోనే తన హెల్మెట్‌ని తీసుకుని, లెక్కపెట్టుకుని, నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఫైనల్‌కి హస్సాన్ వెళ్ళాడు. వాళ్ళ జట్టు ఓడిపోయింది. ఆట అయ్యాక షెడ్డుకి తాళం వేస్తూ గ్రెగ్ చుట్టలోంచి ఒక చుక్క తుంచి అతని చేతిలో పెట్టాడు.

"ఎవరని అడగ్గానే నేనే అన్నావు చూడు, అందుకు."

హస్సాన్ ఆ చుక్కని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఏడాదిన్నర తప్పు లేకుండా పనిచేస్తే రెండు లైన్ల ఈమెయిల్, ఒక్కరోజు పని చెడగొట్టి ఒప్పుకుంటే చుక్క! నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. కానీ దాన్ని ఎక్కడ అంటించుకోవాలి? అతనికి హెల్మెట్ లేదు. పైగా ఆటల కాలం అయిపోయింది, మళ్ళీ ఆగస్టు దాకా ఆ షెడ్డు తెరవరు.

ఆదోని నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళెం ఒకటుంది, అంచు మీద అతని పేరు వాళ్ళ నాన్న చెక్కింది. పేరు పక్కన చుక్క అంటించాడు. స్టిక్కర్లు పీకడమే తప్ప అంటించడం ఎరగని ఇంట్లో పుట్టినవాడు ఇప్పుడు ఆ పళ్ళేన్ని నూనె తగలకుండా, వేడినీళ్ళు తగలకుండా, చుక్క చుట్టూ వేలితో కడుక్కుంటున్నాడు. అయినా మార్చికల్లా ఒక కొన లేచింది. ఆ రోజునుంచి అతను ప్లాస్టిక్ ప్లేటులో తింటున్నాడు.