నడుం నొప్పితో కూచిపూడి దాకా

మే నెలలో ఒక శనివారం పొద్దున ఆరుంబావుకి గుణదలలో మా సందు చివర ఆటో ఎక్కాను. బస్టాండుకి వెళ్ళి, అక్కణ్ణుంచి పామర్రు మీదుగా కూచిపూడి చేరాలి. ఆ ఊరికి అందరూ నాట్యం కోసం వెళ్తారు. నేను నడుం నొప్పి కోసం బయల్దేరాను.

మా ఆయన పక్షవాతంతో రెండేళ్ళు మంచంలో ఉన్నారు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంకి, రోజుకి ఏడెనిమిదిసార్లు నేనే ఎత్తి దించేదాన్ని. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. నొప్పి మాత్రం ఉండిపోయింది. నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. వరసగా రెండు పీరియడ్లు నిలబడలేక మార్చిలో సెలవు పెట్టాను. స్కానింగు చూసిన డాక్టరు గారు ఆపరేషన్ చేయాల్సినంత ఏమీ కనబడటం లేదన్నారు. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయిపోయాయి. జూన్‌లో వస్తారో లేదో ఒక మాట చెప్పమని ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే అడిగారు.

అప్పుడే మా స్టాఫ్‌రూంలో ఒకావిడ సుశీలమ్మ గారి గురించి చెప్పింది. నలభై ఏళ్ళు నాట్యం నేర్పిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు ఆడలేరు. శనివారాలు ఒళ్ళు నొప్పులున్నవాళ్ళకి నిలబడటం, నడవటం, ఊపిరి వదలటం నేర్పుతున్నారట. “పోయేదేముందండీ, ఒకసారి వెళ్ళి రండి” అంది. పోవడానికి నా దగ్గర నిజంగానే పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఆరూ యాభైకి మచిలీపట్నం బస్సు కదిలింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం కాబట్టి సీటు కావాలంటే కాస్త ముందే చేరుకోవాలి. నాలాంటి నడుం ఉన్నవాళ్ళు వెనక చక్రం మీద సీట్లో కూర్చోవద్దు. నాకు దొరికింది అదే. కంకిపాడు దాకా షోరూములూ అపార్ట్‌మెంట్లూ. ఆ తర్వాత కోతలయిపోయిన పొలాలు. బందరు కాలవకి నీళ్ళు ఆపేశారు, అడుగున బురద ఎండి పెచ్చులు లేచింది.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని పైకి లేస్తున్నాను. కంకిపాడులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ అది గమనించింది.

“నడుమా అండీ?”

“అవునండీ.”

“నాదీ అంతే. నాట్లేసేప్పుడు ఎంతసేపు వంగినా తెలీదండీ. లేచేప్పుడే ప్రాణం పోద్ది.”

“మరి ఏం చేస్తున్నారు?”

“ఏం చేత్తాం, లేవటమేగా” అని నవ్వి, ఉయ్యూరులో దిగిపోయింది.

పామర్రులో దిగేసరికి ఎనిమిదీ ఇరవై. సెంటర్లో హోటల్‌కి వెళ్తే బల్లలు ఖాళీ లేవు. నిలబడే తింటుంటే రెండో ఇడ్లీ సగంలో ఉండగా నడుంలోంచి కుడికాల్లోకి మంట దిగింది. ప్లేటు అక్కడే వదిలేసి బయట మెట్టు మీద కూలబడ్డాను. ఎదురుగా విజయవాడ బస్సొచ్చి ఆగింది. ఎక్కేసి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. నేను లేచి నిలబడేలోపు అది వెళ్ళిపోయింది.

షేర్ ఆటోలో కూచిపూడికి ఇరవై నిమిషాలు. సుశీలమ్మ గారిది పెంకుటిల్లు. దాని వెనక రేకుల షెడ్డు, నున్నటి గచ్చు, గోడకి నిలువెత్తు అద్దం. ఆవిడ ప్లాస్టిక్ స్టూలు మీద చేతికర్ర పట్టుకుని కూర్చున్నారు. మొవ్వ నుంచి వచ్చిన టైలరమ్మ, ఒక రిటైరైన లారీ డ్రైవరు అప్పటికే గోడవారగా మెల్లిగా అడుగులు వేస్తున్నారు.

“ఏమీ చెయ్యకు. ఊరికే నుంచో” అన్నారు నాతో. నుంచున్నాను. ఆవిడ చాలాసేపు చూశారు.

“ఎవర్నమ్మా ఎత్తుకుని నుంచున్నావు?”

నాకు అర్థం కాలేదు. కర్రతో అద్దం చూపించారు. అద్దంలో నా మోకాళ్ళు కొద్దిగా వంగి ఉన్నాయి. కుడిభుజం ముందుకి దిగింది. మెడ ఎడమకి ఒరిగింది. చేతులు రెండూ పక్కటెముకలకి ఆనకుండా దూరంగా ఉన్నాయి. ఆయన చంకల కింద చేతులు వేసి లేపేటప్పుడు తల నా కుడిభుజం మీద వాలేది. ఆ తలకి చోటు ఇవ్వడానికి మెడ పక్కకి తిప్పుకునేదాన్ని. ఆ మాటలే ఆవిడతో చెప్పాను.

“అయితే ఇవాళ దించుదాం. జారవిడవద్దు, మెల్లిగా” అన్నారు.

ముందు మడమల మీద బరువు ఎంత ఉందో చూడమన్నారు. తర్వాత కాలివేళ్ళ మీద. దవడ బిగించానని చెప్పేదాకా నాకు తెలియదు. ఊపిరి బిగబట్టానని కూడా తెలియదు. “నొప్పిని తరమొద్దు. ఎక్కడ పట్టి ఉంచావో చూడు. ఊపిరి వదిలేటప్పుడు ఆ చోటే వదులు.” ఒక చెయ్యి ఎత్తి దించడానికి పది నిమిషాలు. తల ఇటునుంచి అటు తిప్పడానికి ఇంకో పది.

పదకొండు దాటాక చేతులు వాటంతట అవే దిగి ఒంటికి ఆనాయి. మడమ నుంచి మెడ దాకా ఎక్కడా నొప్పి లేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి.

“అబ్బ, మొహం ఎంత తేటగా అయిందండీ!” అంది టైలరమ్మ.

నాకు మాత్రం ఒళ్ళంతా ఖాళీ అయిపోయినట్టుంది. ఆయన బరువు ఎంతో గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. ఇంట్లో ఆయన ఫోటోలున్నాయి, చొక్కాలున్నాయి. ఆ బరువు మాత్రం నా ఒంట్లోనే ఉండేది. గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. సుశీలమ్మ గారు ఓదార్చలేదు.

“రోజూ పావుగంట ఇలా నుంచో. మళ్ళీ ఎత్తుకుంటావు. మళ్ళీ దించు.”

“దించలేకపోతేనండీ?”

“అప్పుడు నొప్పి ఉంటుందమ్మా. అంతకు మించి నాకు తెలీదు.”

వెళ్ళాలనుకునేవాళ్ళు తొమ్మిదిన్నరలోపు చేరుకోండి, వదులు బట్టలు వేసుకోండి. మధ్యాహ్నానికి పని అయిపోతుంది, బస అక్కర్లేదు. పన్నెండూ పదికి విజయవాడ బస్సు నేరుగా దొరికింది. ఉయ్యూరు దాకా బాగానే ఉన్నాను. తర్వాత ఎండకి కునుకు పట్టింది. కంకిపాడులో మెలకువ వచ్చేసరికి కుడిభుజం ముందుకి దిగి ఉంది, మెడ ఎడమకి ఒరిగి ఉంది. కాల్లో మంట మొదలైంది. ఏం చెయ్యాలో తెలుసు. పాదాలు ఆనించి, దవడ వదిలి, పది ఊపిర్లు మెల్లిగా విడవాలి, అంతే. నేను చెయ్యలేదు. ఆ మంట వచ్చినందుకు నాకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు భయం వేసింది.

ఆవిడ విద్య నిజమైనదే. నొప్పి తగ్గుతుంది. తగ్గాక మిగిలేదానితో ఉండటం ఆవిడ నేర్పలేదు, నాకు చేతకాలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, జూన్‌లో రాలేనని చెప్పాను.

“నొప్పి ఏమాత్రం తగ్గలేదా అమ్మా?” అన్నారాయన.

“లేదండీ” అన్నాను.